పది లెక్కపెట్టాక

మార్చి 3, సోమవారం

నా డేటాబేస్‌లో తప్పు లేదు. మా పేపరాఫీసులో ఎవరూ వినే స్థితిలో లేరు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇది అత్తయ్య రిటైరైనప్పుడు బస్సు డిపో వాళ్లు ఇచ్చిన డైరీ. ఆవిడ ఒక్క పేజీ కూడా రాయలేదు. "నేను రాయాల్సిందంతా టికెట్ల మీద రాసేశాను, నువ్వు రాసుకో" అని నా మీద పడేసింది. అచ్చువేసిన తేదీలు కొట్టేసి నా తేదీలు వేసుకుంటున్నాను.

గురువారం పొద్దున ఒక టైలర్ మా రిసెప్షన్‌కి వచ్చి కూర్చున్నాడు. "నిన్న నేను చనిపోయానని మీ సైట్లో వేశారు. ఒకసారి కనిపించి పోదామని వచ్చాను" అన్నాడు. పోయింది లాయరైన వాళ్లన్న. మేం ఫొటోతో సహా పోగొట్టింది తమ్ముణ్ణి. ఆయన పక్కగదిలో మిషన్ తొక్కుతుంటే, భార్యని ఓదార్చడానికి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసిందట. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. అరిచి ఉంటే బాగుండేది.

రిపోర్టర్ పంపిన కాపీలోనే అన్నదమ్ముల పేర్లు తారుమారయ్యాయి. ప్రూఫ్‌రీడర్ పట్టుకుని సరిచేసి, సేవ్ నొక్కారు. నొక్కానని ఆయన అంటున్నారు. ఆ సవరణ సిస్టమ్‌లో ఎక్కడా లేదు. కాబట్టి ఆయన నొక్కలేదు అని మా టెక్నికల్ మేనేజర్ అంటున్నాడు. ఈ మేనేజర్‌ని నేను సగటు గారంటాను, మనసులోనే. ఏ ప్రశ్న అడిగినా ఓ సగటు చెప్పి కుర్చీలో వెనక్కి వాలతాడు.

మధ్యాహ్నం రిపోర్టు పట్టుకొచ్చాడు. పోయిన నెల వార్తలూ ఫొటోలూ అన్నీ కలిపి రెండు లక్షల పద్నాలుగు వేల సేవ్‌లు. ఒక్కోదానికి పట్టిన సగటు సమయం సెకనులో మూడో వంతు. కింద ఒక వాక్యం: "డేటాబేస్ వేగం సంతృప్తికరం. లోపం మానవ తప్పిదం." దాని కింద నా సంతకం కోసం గీత.

సంతకం పెట్టాను. సేవ్‌లన్నీ నమోదయ్యే లాగ్ నాది, లెక్క నాది. ఆరేళ్లుగా ఎవడికి నెట్ రాకపోయినా, ఎవడి మౌస్ పనిచేయకపోయినా "డేటాబేస్ స్లో" అని నోరు పారేసుకోవడం, నేను ఒంటికాలి మీద లేవడం. ఈసారి కాగితం మీద లేచాను, అంతే తేడా.

ప్రూఫ్‌రీడర్ మీద విచారణ 19న. ముప్ఫయ్యొక్కేళ్ల సర్వీసు ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలుతుంది. నాకూ బాధగానే ఉంది. మనిషి నొక్కకపోతే నేనేం చేసేది.

మార్చి 4

లాగ్ మళ్లీ చూశాను. తప్పు లేదు.

మార్చి 5, బుధవారం

ప్రూఫ్‌రీడర్‌ని చూడకుండా పని కానిచ్చేద్దామనుకున్నాను. కుదరలేదు. ఓ పాత ఫైలు కోసం కింద స్టోరు గదికి వెళ్తే అక్కడున్నారు. విచారణ అయ్యేదాకా కంప్యూటర్ ముట్టుకోవద్దని అక్కడ కూర్చోబెట్టారట. ఒకటే ట్యూబ్‌లైటు, అదీ కొట్టుకుంటోంది. పాత పేపర్ల కట్టలు సంవత్సరాల వారీగా పేరుస్తున్నారు. పేరుస్తూ పేరుస్తూ ఎప్పుడో పాతికేళ్ల కిందటి పేపర్లో అచ్చుతప్పు కనిపిస్తే పెన్సిల్‌తో చుట్టేస్తున్నారు. ఆఫీసంతా ఈయన్ని ఊరికే కామా గారని పిలవదు.

"నొక్కాను తల్లీ" అన్నారు, నేను అడక్కముందే.

"లాగ్‌లో లేదండీ."

"ఆ లాగ్‌కి నేనేం అన్యాయం చేశానో."

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయనే మళ్లీ చెప్పారు. "నేను చేసేది చెప్తాను విను. మార్పు చేస్తాను, సేవ్ నొక్కుతాను. తెర మీద చక్రం తిరుగుతుంది. పది లెక్కపెడతాను. చక్రం ఆగుతుంది. అప్పుడు కుర్చీలోంచి లేస్తాను. ఆ రోజూ అంతే. టైలర్ పేరు తీశాను, లాయర్ పేరు పెట్టాను, ఫొటో మార్చాను. పది లెక్కపెట్టి టీకి లేచాను."

"పది సెకన్లా? అంత పట్టదండీ. సెకనులో మూడో వంతు."

"నీకు పట్టదేమో. నాకు పది పడుతుంది."

"మీ కంప్యూటర్ పాతదేమో."

"రెండు నెలల కిందటే మార్చారుగా. నువ్వే వచ్చి చూసి వెళ్లావు."

నాకు విసుగొచ్చింది. పెద్దాయన, అంకెలు నెమ్మదిగానో వేగంగానో లెక్కపెట్టుకుంటూ ఉంటారు, దానికి నన్నేం చేయమంటారు. ఫైలు తీసుకుని పైకి వచ్చేశాను. తీరా చూస్తే అది నాక్కావలసిన ఫైలు కూడా కాదు.

మార్చి 6

ఎప్పుడూ పదే అన్నారు. ఒకసారి ఎనిమిది, ఒకసారి పన్నెండు అనలేదు.

పెద్దవాళ్లు అలాగే అంటారు.

మార్చి 7, శుక్రవారం

మా ఆయన ఈ నెలాఖరు దాకా బిల్డింగ్ సైటు పనిమీద వేరే ఊళ్లో ఉన్నారు కాబట్టి ఇంట్లో నేనూ అత్తయ్యా. సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగింది. "వారం నుంచి కోపం గిన్నెల మీద చూపిస్తున్నావు. అవేం చేశాయమ్మాయ్?"

చెప్పాను. చెప్పకపోతే ఊరుకునే మనిషి కాదు. ముప్ఫయ్యేళ్లు బస్సు కండక్టర్‌గా చేసింది, టికెట్ తీసుకోనివాణ్ణి వీపు చూసి పట్టేసేది. మొత్తం విని, కాయ ఈనె తీస్తూ, "మీ లాగ్ అంటే మా టికెట్ పుస్తకం లాంటిదన్నమాట" అంది.

"అలాంటిదే."

"టికెట్ ఎప్పుడు కొడతాను నేను?"

"ఎక్కాక."

"మరి ఎక్కలేకపోయినవాడికి?"

ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాను.

"ఎనిమిదిన్నర బస్సుకి స్టాపులో ఎంతమంది మిగిలిపోయేవాళ్లో నాకు తెలుసు. చేతులూపుతూ వెనకాల పరిగెత్తేవాళ్లు. డిపోలో నా పుస్తకం చూసి, సగటున బస్సుకి నలభైమందే, ఇబ్బందేం లేదనేవాళ్లు. పుస్తకంలో ఎక్కినవాళ్లే ఉంటారు కదా."

"మీరేం చేసేవారు?"

"ఏం చేస్తాను, రైట్ రైట్ అనేదాన్ని."

డేటాబేస్ అంటే బస్సు కాదత్తయ్యా అని లేచి వచ్చేశాను. చిక్కుడుకాయలు సగం అలాగే వదిలేసి.

మా లాగ్ కూడా సేవ్ పూర్తయ్యాకే రాస్తుంది. మొదలైనప్పుడు ఏమీ రాయదు.

మార్చి 8

డేటాబేస్ బస్సు కాదు.

మార్చి 10, సోమవారం

సరే, కొలిచాను. వాళ్ల నోళ్లు మూయించడానికే కొలిచాను, ఇంకెందుకూ కాదు.

పొద్దున్నే వెళ్లి ఎవరినీ అడక్కుండా ఒక చిన్న ఏర్పాటు చేశాను. ఎవరైనా సేవ్ నొక్కగానే ఒక గుర్తు, డేటాబేస్ పని ముగించగానే ఇంకో గుర్తు. సాయంత్రం ఏడింటికి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదలైనవి 7,412. పూర్తయినవి 7,389. మధ్యలో ఇరవైమూడు మాయం.

ఇరవైమూడూ ఒకే పేజీవి. పోయినవాళ్ల వార్తలు వేసే నివాళి పేజీ. ఇరవైమూడూ సాయంత్రం ఐదు దాటాక, అందరూ ఒకేసారి వార్తలు ఎక్కించే వేళవి. కామా గారి సీట్లో తాత్కాలికంగా కూర్చున్న సబ్‌ఎడిటర్ పాపం, ఒకసారి నొక్కి, మార్పు కనపడకపోతే మళ్లీ నొక్కి, తన ఖర్మ అనుకుని మూడోసారి నొక్కుతున్నాడు. ఒక్కొక్కటీ సరిగ్గా పది సెకన్ల దగ్గర తెగిపోయింది.

ఇప్పుడు తెలిసింది. మనం చూసే తెర ఉందే, అది డేటాబేస్ జవాబు కోసం పది సెకన్లే ఆగుతుంది. ఆ లోపు రాకపోతే చెయ్యి వదిలేస్తుంది. డేటాబేస్ అప్పటిదాకా చేసిన సగం పని చెరిపేసుకుంటుంది. చక్రం మాత్రం ఆగిపోతుంది. పనైనా ఆగుతుంది, కాకపోయినా ఆగుతుంది, చూసేవాడికి రెండూ ఒకటే. నిజంగా పని జరిగి ఉంటే ఓ రోజు తొమ్మిది, ఓ రోజు పదకొండు పట్టేది. ఎప్పుడూ పదే పట్టిందంటే అది పని కాదు, వదిలేయడం. ఆయన నాకు బుధవారమే చెప్పారు, నేను వినలేదు.

నిజం చెప్పాలంటే ఈ సాయంత్రం నాకు సంతోషంగా ఉంది. ఆ తెర నాది కాదు. తెర వేరే టీము వాళ్లది, వాళ్ల మీద పెత్తనం సగటు గారిది. నేను మొదటి పేజీలో ఏం రాశాను? నా డేటాబేస్‌లో తప్పు లేదు.

మార్చి 11

కానీ తెర పది సెకన్లు ఎందుకు ఆగాల్సి వచ్చింది?

మార్చి 12, బుధవారం

డిస్కు చూశాను, బాగుంది. మెమరీ బాగుంది. నెట్‌వర్క్ బాగుంది. ఎవరి మీదైనా తోద్దామని మధ్యాహ్నం దాకా చూశాను, ఒక్కటీ దొరకలేదు.

నివాళి పేజీకో కథ ఉంది. రోజూ కొత్త పేజీ పెడితే ముఖపేజీలో లింకు మార్చాలి, ఆ పని ఎవరు చేస్తారని, ఆరేళ్ల కిందట తెరిచిన ఒకే ఒక్క పేజీని రోజూ చెరిపి రోజూ నింపుతున్నారు. ఎవరూ ఇలా చేయమనలేదు, ఎవరూ వద్దనలేదు. సేవ్ నొక్కిన ప్రతిసారీ అంతకుముందున్న పేజీ ఒక పాత కాపీగా భద్రమవుతుంది. మామూలు వార్తకి అలాంటివి ఐదో పదో ఉంటాయి. నివాళి పేజీకి 61,308 ఉన్నాయి.

ఉంటే ఉండనీ, అదేం పెద్ద సంఖ్య కాదు. అయితే కొత్త కాపీకి నంబరు వేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. ప్రతి సేవ్‌తో పాటు అది దానంతటదే నడుస్తుంది. నంబరు వేయడానికి అది చివరి నంబరు చూసి ఒకటి కలపదు. పాత కాపీలన్నిటినీ మొదటి నుంచి తెరిచి లెక్కపెడుతుంది. 61,308 లెక్కపెట్టి, తర్వాతి దానికి 61,309 అని వేస్తుంది. మళ్లీ సేవ్ నొక్కితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. పొద్దున తీరిగ్గా ఉన్నప్పుడు తొమ్మిది సెకన్లు. సాయంత్రం రద్దీలో పద్నాలుగు.

ఏ బుద్ధిలేనివాడు రాశాడని పైకి జరిపి చూశాను. ఆరేళ్ల కిందటి తేదీ. పక్కన రెండు పొడి అక్షరాలు. నావే.

గుర్తొచ్చింది కూడా. మూడు కాపీలున్న వార్త మీద పరీక్షించి, రెప్పపాటులో అయిపోయిందని మురిసిపోయాను. మూడింటిని లెక్కపెట్టడానికి ఎంతసేపు పడుతుంది ఎవరికైనా.

ఇంకొకటి కూడా రాస్తేగానీ నాకు ఊపిరాడేలా లేదు. ఆ అరవై వేల సేవ్‌లలో నూటికి తొంభై ఒకే మనిషివి, కామా గారివి. పేజీ అంతా దిద్ది ఒకసారి నొక్కేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. ఆయన ఒక్క కామా పెట్టి సేవ్ నొక్కుతారు, ఒక్క చుక్క తీసి సేవ్ నొక్కుతారు. ఎందుకలా అని చూడటానికి ఆయన సీటు దగ్గరికి వెళ్లాను. మానిటర్ పైన పసుపు చీటీ, అంచులు వంకర తిరిగిపోయి, పైన టేపు మీద టేపు. "ప్రతి చిన్న మార్పుకీ సేవ్ నొక్కండి. మర్చిపోవద్దు." ఆరేళ్ల కిందట ఓసారి కరెంటు పోయి ఆయన దిద్దిన పేజీ మొత్తం ఎగిరిపోతే, అంటించి వెళ్లిన చీటీ అది.

చేతిరాత నాదే. ఈ ఆఫీసులో నా మాట తు.చ. తప్పకుండా విన్న మనిషి ఈయనొక్కరే.

మార్చి 13

సెలవు పెట్టాను. అలమరా సర్దాను. అత్తయ్య ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

మార్చి 14, శుక్రవారం

సగటు గారికి చెప్పాను. తలుపు వేసి, బొమ్మ గీసి, అంకెలు ముందు పెట్టి చెప్పాను. ఆయన నీళ్లు నమలలేదు, అది ఒప్పుకోవాలి. సరిగ్గా అర్థం చేసుకున్నాడు.

"సరిచేయడానికి ఎంతసేపు పడుతుంది మేడం?"

"రెండు లైన్లు."

"మరింకేం, ఈరోజే చేసేయండి."

"విచారణ సంగతి?"

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

సంబంధం లేదని ఆయన నిజంగా అనుకుని ఉంటే చెమట తుడుచుకునేవాడు కాదు. నేను లేవకపోయేసరికి గొంతు తగ్గించాడు. "చూడండి, రిపోర్టు పైకి వెళ్లిపోయింది. కింద మీ సంతకం, నా సంతకం. మీరు సరిచేసేస్తే సోమవారానికల్లా సేవ్ పరిగెడుతుంది. ఎవరు నొక్కి చూసినా బాగానే ఉంటుంది. కామా గారికెలాగూ రిటైర్మెంట్ దగ్గర పడింది."

"బాగానే ఉంటుంది కాబట్టి ఆయన నొక్కలేదని ఖాయమైపోతుంది."

"ఆ కోడ్ మీదున్న పేరు నాది కాదు మేడం. మీ మంచి కోరే చెప్తున్నాను."

బెదిరింపుని ఇంత మర్యాదగా నేనెప్పుడూ వినలేదు. ఆలోచిస్తానని చెప్పి వచ్చాను.

మార్చి 15, శనివారం

రెండు లైన్లూ రాశాను. టెస్ట్ సర్వర్‌లో నడిపాను. పద్నాలుగు సెకన్లది 0.04కి వచ్చింది. ఎంత ముచ్చటగా ఉన్నాయో.

సరిచేయడం నా డ్యూటీ. రోజుకి ఇరవై సవరణలు గాల్లో కలిసిపోతుంటే చూస్తూ కూర్చోవడం నేరం. ముందు సరిచేసి, తర్వాత విచారణలో నోటితో చెప్పొచ్చు. అంకెలు ఉన్నాయి, కాగితం ఉంది.

పై పేరా మళ్లీ చదువుకున్నాను. అంకెలున్న కాగితం ఒకటి ఇప్పటికే వాళ్ల దగ్గర ఉంది, నా సంతకంతో. నా కాగితం మీద నా కాగితం పెడితే ఏది నమ్ముతారు? వాళ్లు నమ్మేది తెర ఒక్కటే. ఆ తెర మీద ఆ చక్రం ఆగిపోవడం వాళ్లు కళ్లారా చూడాలి. నేను సరిచేసిన మరుక్షణం ఆయనకున్న ఒకే ఒక్క సాక్ష్యం పోతుంది. చేతులు దులుపుకున్నట్టు ఉంటుంది, తుడిచేసినట్టూ ఉంటుంది.

సరిచేయను. 19 దాకా చేయను. అప్పటివరకూ సాయంత్రాలు ఆ సబ్‌ఎడిటర్ పక్కనే కూర్చుంటాను. ప్రతి సేవ్ తర్వాత పేజీ మళ్లీ తెరిచి, ఒక్కో పేరూ చూస్తాను. బతికున్న ఇంకో మనిషిని చంపనివ్వను.

అత్తయ్యకి చెప్తే, "ఆ పెద్దాయనకి చెప్పావా?" అంది. లేదన్నాను. "మరి నాకెందుకు చెప్తున్నావు?" అంది.

మార్చి 16, ఆదివారం

వెళ్లాను. కామా గారిది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తలుపు తీసింది ఆయన భార్య. లోపల కిటికీ పక్కన కుర్చీ, బల్ల మీద భూతద్దం, దాని పక్కన మాత్రల అట్ట. సగం మాత్రలు వాడేసి ఉన్నాయి.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమోనని. చక్రం గురించి, పది గురించి, లెక్కపెట్టే ప్రోగ్రామ్ గురించి, ఆ ప్రోగ్రామ్ రాసింది ఎవరో, రిపోర్టు మీద సంతకం పెట్టింది ఎవరో. ఆయన అంతా విన్నారు. అయ్యాక భార్య వైపు తిరిగారు.

"విన్నావా. నేను పెట్టినవే."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. "మూడు నెలలుగా దిద్దినవి మళ్లీ వెనక్కి వచ్చేస్తున్నాయట. దిద్దానో లేదో గుర్తుండట్లేదు, నాకు మతి పోతోంది అనడం మొదలుపెట్టారు. తాళం వేసి మూడు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి చూసుకోవడం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను."

"మతి పరీక్షకని గడియారం బొమ్మ గీయమన్నాడు" అన్నారు ఆయన. "ముప్ఫయ్యొక్కేళ్లు అక్షరం పొల్లుపోనివ్వని వాణ్ణి, గడియారం గీసి పదకొండూ పది చూపించమన్నాడు. గీశాను. చెయ్యి వణికింది. ఆ వణుకు చూసి మాత్రలు రాశాడు."

క్షమించండి అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

"నీకిది ఎప్పుడు తెలిసింది?"

"బుధవారం."

"ఈరోజు ఆదివారం."

అవునన్నాను.

"19న వస్తావా?"

"వస్తాను."

"నీ పేరు చెప్తావా?"

"చెప్తాను."

"అయితే ఆ తర్వాత మాట్లాడతాను నీతో" అని భూతద్దం తీసుకుని పేపర్ ముందుకు జరుపుకున్నారు. ఆవిడ టీ తాగి వెళ్లమంది. వద్దని చెప్పి మెట్లు దిగాను.

మార్చి 18

"అయిందా మేడం?" అని సగటు గారు. చేయనన్నాను. ఇంకొకరితో చేయిస్తానన్నాడు. "చేయించండి. ఆరేళ్లుగా దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికైనా ఉంటే నాక్కూడా చూడాలనుంది" అన్నాను. చుట్టుపక్కల ఉన్నవాళ్లు తలలు వంచుకుని కీబోర్డులు చూసుకున్నారు.

తాడో పేడో రేపు.

మార్చి 19, బుధవారం

విచారణ నాలుగున్నరకి. అక్కడే గుండెలో రాయి పడింది. ఐదు దాటితేగానీ రద్దీ ఉండదు.

పొడుగు బల్ల. అటు పెద్ద ఎడిటర్, ఆవిడ పక్కన హెచ్‌ఆర్ ఆఫీసర్, సగటు గారు. ఇటు కామా గారొక్కరే, ఇస్త్రీ చొక్కాలో. నేను పిలవకుండానే వెళ్లి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను.

సగటు గారు రిపోర్టు చదివాడు. సెకనులో మూడో వంతు అన్నాడు. మానవ తప్పిదం అన్నాడు. నా సంతకం చూపించాడు. అప్పుడు నేను లేచి, గోడ మీది పెద్ద తెర మీద నివాళి పేజీ తెరిచి, ఒక కామా పెట్టి, సేవ్ నొక్కమని ఎడిటర్‌ని అడిగాను. ఆవిడ నొక్కింది. చక్రం తిరిగింది. కామా గారు పైకే లెక్కపెట్టారు. తొమ్మిది దగ్గర ఆగింది. పేజీ మళ్లీ తెరిచాను. కామా ఉంది.

సగటు గారు కుర్చీలో వెనక్కి వాలాడు. "సేవ్ అయింది కదా మేడం."

"ఐదున్నర దాకా కూర్చుందాం" అన్నాను. "రద్దీ కావాలి." హెచ్‌ఆర్ ఆఫీసర్ వాచీ చూసుకున్నాడు. తనకి ఐదింటికి ఇంకో మీటింగ్ ఉందని ఎడిటర్ ఫోల్డర్ మూసింది.

కామా గారు గొంతు పెంచలేదు. "నేను ఈ ఆఫీసుకి ముప్ఫయ్యొక్కేళ్లు ఇచ్చానమ్మా. నాకో ముప్పావుగంట ఇవ్వండి" అన్నారు.

ఎడిటర్ ఆయన్ని చూసింది. ఫోన్ తీసి ఆ మీటింగ్ రేపటికి మార్చమంది. ముప్పావుగంట నలుగురి ముందు మాటల్లేకుండా కూర్చోవడమంటే ఎలా ఉంటుందో ఈరోజు తెలిసింది. ఏసీ చప్పుడు, గోడ అవతల ఒక్కొక్కటిగా పెరుగుతున్న ఫోన్లు, అడుగులు, అరుపులు. వార్తల వేళ మొదలైంది.

ఐదున్నరకి ఎడిటర్ ఇంకో కామా పెట్టి నొక్కింది. ఒకటి, రెండు, మూడు. ఆయనొక్కరే లెక్కపెడుతున్నారు. ఎనిమిది. తొమ్మిది. పది. చక్రం ఆగింది. ఏ ఎర్ర అక్షరమూ రాలేదు, ఏ గంటా మోగలేదు. ఎడిటర్ అలవాటుగా మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"పేజీ తెరవండి" అన్నాను.

కామా లేదు.

"నేను పెట్టాను కదా" అంది ఆవిడ. మళ్లీ పెట్టింది, మళ్లీ నొక్కింది. పది. లేదు. మూడోసారి. పది. లేదు. మూడోసారికి ఆవిడ కూడా ఆయనతో కలిసి లెక్కపెట్టింది.

అప్పుడు చెప్పాను, కుండబద్దలు కొట్టినట్టు. నెమ్మదికి కారణమైన ప్రోగ్రామ్ నాది. ప్రతి మార్పుకీ సేవ్ నొక్కమని ఆయనకి చెప్పింది నేను. పూర్తయిన సేవ్‌లనే లెక్కపెట్టి, తెగిపోయినవి వదిలేసిన లాగ్ నాది. రిపోర్టు మీద సంతకం నాది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. సరిచేయడానికి రెండు లైన్లు చాలు, అవి శనివారం నుంచి నా దగ్గరున్నాయి. సరిచేస్తే మీకు ఇది కనపడదు కాబట్టి సరిచేయలేదు.

సగటు గారు ఇది టెక్నికల్ విషయమని, కొంత సందర్భం కావాలని మొదలుపెట్టాడు. ఎడిటర్ ఆయన రిపోర్టు తిరగేసి చివరి వాక్యం మీద వేలు పెట్టింది.

"మానవ తప్పిదం అని రాశారు. ఏ మానవుడిదో రాయలేదు."

"నాది" అన్నాను.

కామా గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

మార్చి 20

పొద్దున ఆరూ నలభైకి రెండు లైన్లూ ఎక్కించాను. 0.04. పన్నెండింటికి మెమో వచ్చింది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. ఏడు రోజులెందుకు, భోజనానికి ముందే ఇచ్చేశాను. ఏం చేశానో, ఎందుకు చేశానో, రెండు పేజీలు. చివర రెండు డిమాండ్లు కూడా పెట్టాను: మొదలై పూర్తికాని సేవ్‌లని ఇకనుంచి లాగ్ లెక్కపెట్టాలి, పని కానప్పుడు తెర ఆ మాట చెప్పాలి. మెమో అందుకున్నవాళ్లు డిమాండ్లు పెట్టరని హెచ్‌ఆర్ ఆఫీసర్ అన్నాడు. ఇప్పుడు పెట్టారుగా అన్నాను.

నన్నేం చేస్తారో తెలియదు. చేసుకోనీ.

మార్చి 22

డాక్టర్ మాత్రలు ఆపేయమన్నాడట. ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. ఆయన పక్కనే ఉన్నట్టున్నారు, మాట్లాడలేదు.

మార్చి 24, సోమవారం

ఈరోజు ఆయన సీట్లోకి వచ్చారు. సగం ఆఫీసు లేచి నిలబడింది. సగటు గారికి సరిగ్గా అప్పుడే ఫోనొచ్చింది. చీటీ ఇంకా అక్కడే ఉంది. తీసేద్దామని చెయ్యి చాపాను.

"ఉండనీ" అన్నారు. 19 తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

నివాళి పేజీ తెరిచారు. మొదటి పని టైలర్ గురించి సవరణ. "సాంకేతిక కారణాల వల్ల" అని ఎవరో రాసి పెట్టారు. అది కొట్టేసి, "మా పొరపాటు వల్ల" అని మార్చారు. సేవ్ నొక్కారు. "ఒక..." అన్నారు, చక్రం కనిపించనే లేదు. అయిపోయింది.

తెరని చూశారు. నన్ను చూశారు.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఆరేళ్ల కిందటా ఇంతేనా?"

"ఇంతే అయి ఉండాల్సింది."

తలూపి, కుర్చీ చూపించారు. కూర్చున్నాను. ఆయన ఒక కామా పెట్టారు, సేవ్ నొక్కారు. రెప్పపాటులో అయింది, అయిందని తెర చెప్పింది కూడా. ఆయన కదల్లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది దాకా లెక్కపెట్టి, పేజీ మళ్లీ తెరిచి, కామా ఉందో లేదో వేలు పెట్టి చూసుకుని, అప్పుడు టీకి లేచారు.

అక్కర్లేదండీ అనబోయి ఊరుకున్నాను.

ఆ పది సెకన్లూ నావి. ఏ లాగ్‌లోనూ ఎక్కవు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.